గాలి పోయే దారి

(టీకాలు వేసే గది. పొద్దున్నే. నర్సు, చంటిబిడ్డతో ఓ తల్లి.)

“నాకున్న భయమల్లా ఒక్కటే సిస్టరక్కా. ఊపిరి ఆగిపోవడం.”

“నీ కొడుకు ఊపిరికేం ఢోకా లేదు తల్లీ. పెదాలు చూడు, ఎంత ఎర్రగా ఉన్నాయో. తొడ గట్టిగా పట్టుకో, సూది వేస్తాను.”

“ఆగండాగండి! అప్పుడే వద్దు. అసలు గాలి లోపలికెళ్ళి ఏం చేస్తుందో చెప్పండి ముందు.”

“ఇప్పుడా? బళ్ళో చెప్పలేదూ?”

“పీల్చేదాకా చెప్పారు. వదిలే పాఠం వచ్చేసరికి నన్ను బడి మాన్పించేశారు.”

“బాగుంది సంబడం! ముక్కులోంచి గాలిగొట్టంలోకి, అక్కణ్ణించి రెండు పాయలై ఊపిరితిత్తుల్లోకి. చివర ద్రాక్షగుత్తుల్లా బుల్లిబుల్లి సంచులు. వాటి గోడల్లోంచి మంచిగాలి నెత్తుట్లో కలుస్తుంది, చెడ్డగాలి బయటికొస్తుంది. రొమ్ముకీ పొట్టకీ మధ్య పొర కిందికి దిగితే పీలుస్తాం, పైకి లేస్తే వదులుతాం. చాలా? అది సరే, నీ గొంతేంటి అలా బొంగురుపోయింది?”

“జలుబు.”

“జలుబుకి మెడ మీద వేళ్ళచ్చులు పడతాయా? మెడకి చుట్టుకున్న ఆ గుడ్డ తియ్యి.”

“వద్దక్కా.”

“తియ్యమన్నానా! అమ్మో... మీ ఆయనేనా?”

“మా అక్కతో ఫోన్లో మాట్లాడానని. గోడకి అదిమేసి, రెండు చేతుల్తో... కాళ్ళు నేల మీద లేవు నాకు.”

“లోపల వాచిందంటే గాలిదారి మూసుకుపోతుంది, తెలుసా? ఇప్పుడు బానే ఉన్నా కాసేపటికి ముంచుకురావచ్చు. డాక్టరు వచ్చేదాకా ఇక్కణ్ణించి కదలకు.”

“నా సంగతొదిలేయండి. ఒకటడుగుతాను. తలకి దెబ్బ తగిలి, పిలిస్తే పలకని మనిషి గుర్రుగుర్రుమని గురక పెడుతుంటే... నిద్రేగా?”

“నిద్రా నీ మొహమా! నాలుక వెనక్కి జారి గాలికి అడ్డుపడుతోందన్నమాట. పక్కకి తిప్పి పడుకోబెట్టకపోతే ప్రాణం పోతుంది.”

“వెల్లకిలా పడుకోబెట్టమన్నారు కదా మీరు! పోయినసారి, ఇక్కడే!”

“అది నిద్రపోయే చంటిపిల్లలకే పిల్లా! ఎవర్ని... ఎవర్ని పడుకోబెట్టావు?”

“అత్తయ్యని.”

“మీ అత్తగారినా?”

“నా పీక నులుముతుంటే ఆవిడే వచ్చి కొడుకు చెయ్యి కొరికింది, రక్తం కారేలా. ‘దాన్నొదలరా, ముందు నన్ను చంపు’ అంది. జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. ఒకసారి కాదక్కా. మళ్ళీ, మళ్ళీ. ఆవిడ పక్కకే ఒరిగి పడింది. నేనే... దుప్పటి పరిచి, నేనే వెల్లకిలా తిప్పాను.”

“ఉండు, అంబులెన్సుకి ఫోన్ చేస్తున్నా. వాడెక్కడున్నాడిప్పుడు?”

“మెల్లగా! గుమ్మం బయట బెంచీ మీద. టీకాకి రాకపోతే మీరే వెతుక్కుంటూ ఇంటికొస్తారని తీసుకొచ్చాడు. ‘నోరు తెరిస్తే పిల్లాణ్ణి కూడా చంపేస్తా’ అన్నాడు.”

“అయ్యో తల్లీ...”

“వెనక సందులో ఆకుపచ్చ తలుపు మాదే. గొళ్ళెమే, తాళం లేదు. ఈ గది పెరటి తలుపులోంచి పరిగెత్తండి, ఫోన్ దార్లో చేసుకుందురుగాని.”

“నువ్వో? వాడు లోపలికొస్తే?”

“పిల్లాడు ఏడుస్తున్నంతసేపూ సూది వేస్తున్నారనుకుంటాడు. నేను గిల్లి ఏడిపిస్తుంటాను. వెళ్ళండక్కా, అత్తయ్యకి ఊపిరుందేమో చూడండి.”