మగ్గం గుంత మన్ను

యాడికి పోతాండావు భూపేషప్పా? టేపు చుట్టుకోని జారుకుందామనా? నీ కాలువ తర్వాత కొలుద్దువు గానీ, ముందు నా ఇంట్లోకి రా. చెప్పులు ఇప్పొద్దులే, లోపలా బురదే!

చూసినావా? ఇదీ మగ్గం గుంత. నా మొగుడు రామలింగప్ప దీంట్లో కాళ్లు పెట్టుకోని నేస్తాడు. ఇప్పుడు మోకాళ్ల లోతు నీళ్లు. పొద్దున్నించి బొక్కెనతో తోడతానే ఉండా. మగ్గం మింద ఆరు చీరల పడుగు తడిసి, రంగులన్నీ కలిసిపోయినాయి. ఎవరు నేస్తారప్పా దాన్ని? నువ్వు నేస్తావా?

మా కోసిగిలో వాన పడేదే గగనం. పడక పడక నిన్న పడితే గుట్ట మింది నీళ్లన్నీ ఇండ్లలోకే! కాలనీకి ఇంజనీరువి నువ్వే కదా? సిమెంటు కాలువ కట్టప్పా అంటే, ఇండ్ల ముందర పల్లం తీసి గడ్డి ఏసినావు. నీళ్లు దీంట్లో నిదానంగా పారి కింద కుంటలో ఇంకుతాయమ్మా, మీ బోర్లకే మంచిది అంటివి. గడ్డి కాలువంట, గడ్డి కాలువ! మేకలు మేసేదానికా?

పక్కింటి సుబ్బక్క మగ్గమూ మునిగింది. నీ మింద పైవాళ్లకు అర్జీ రాసినాం. మొదటి సంతకం నాదే. ఉద్యోగం ఊడితే తెలుస్తాది నీకు.

ఏమంటివి? నా వాకిలి దాంకా నీళ్లు సక్కగానే వచ్చినాయా? ఈడ దాటినాంక గడ్డిలో నీళ్లు పారిన జాడే లేదా? ఐతే నన్నెందుకు అట్ల చూస్తావు?

ఏయ్, ఆ పార కింద పెట్టు! నా వాకిట్లో తవ్వేదానికి నువ్వెవరు? ఆగప్పా!

...

సరే. నీ పారకొచ్చింది సుద్దమన్నే. చుట్టూ నల్లరేగడి, ఈడ మాత్రం సుద్ద యాడినించి వచ్చిందని అడుగుతాండావు, అంతే కదా? నా మగ్గం గుంతలో అడుగున తీసిందే. చాలునా?

పడుగు దారాలు పొడుగ్గా సాపాలంటే వాకిలి సమంగా ఉండాల. నీ పల్లంలో దారాలు ఏలాడతాంటే ఏం జేసేది? గుంత తవ్విన మన్ను ఇంట్లో కుప్పగా ఉండె. నేనూ నా మొగుడూ మోసి ఆ పల్లంలో పోసి, తొక్కి, పేడతో అలికినాం. వాన రాని ఊర్లో కాలువ ఎందుకులే అనుకున్నాం. మూడేండ్లు సుక్క రాలేదప్పా!

మెల్లగా మాట్లాడు, సుబ్బక్క వింటాది. పొద్దున్నించి ఆ యమ్మ నిన్ను తిడతాంటే నేనూ గొంతు కలిపినా. నాకంటే పెద్ద గొంతు ఎవరిదీ లేదు.

అర్జీలో నా సంతకం కొట్టేయాలనా? ఎందుకు కొట్టేసినావని సుబ్బక్క అడిగితే ఏం చెప్పాల? నీ ఉద్యోగం ఈడ పోతే ఇంకో ఊర్లో దొరుకుతాది. నేను ఈ గోడ పక్కనే ఆ యమ్మ మొగం చూస్తా బతకాల.

పాపమే. నాకు తెలీదా?

పోతా పోతా ఆ మన్ను మళ్లీ కప్పెట్టి పో.