అరవై నాలుగు డైమండ్లు

మిన్నెసోటాలో ఒక లూథరన్ చర్చి కింది హాలు. చేతిగంటల బృందం సాధన చేస్తోంది. పైన హార్లన్ ట్వేట్ శవపేటిక ఉంది. ప్రార్థన పదకొండుకి; ఇప్పుడు పదీ ఇరవై.

"ఆపండి, ఆపండి! గంటలన్నీ కింద పెట్టండి. ఇవి అంత్యక్రియలా, ఫైరింజను వస్తోందా? అందరూ పైకెళ్ళి కాఫీ తాగండి. ఎల్డన్, నువ్వు మాత్రం కదలకు."

"నేనేం చేశాను మార్లిస్?"

"ఏం చేశావా? మీ బావ హార్లన్ పోయేముందు రాసిపెట్టిన పాట ఇది. ఇంకో నలభై నిమిషాల్లో ఆయన పెట్టె పక్కన మోగాలి. దాన్ని కంప్యూటర్‌లో పెట్టి, ఉడికిన బంగాళదుంప నలిపినట్టు నలిపి తీశావు."

"పెద్ద అచ్చు కావాలని అందరూ నా ప్రాణం తీశారు. మన గంటల వాళ్ళలో సగం మందికి కళ్ళు ఆనవు. బావ చేతిరాత చూస్తే చీమలు పారినట్టుంటుంది. స్కాన్ చేసి, సాఫ్ట్‌వేర్‌తో చదివించి, ప్రింట్ తీశాను. అంతే."

"అంతేనట! మధ్యలో స్వరాల గడులు, ఈ పదహారు బార్లు చూడు. అన్నీ గుండ్రటి గుర్తులు. గుర్తు గుండ్రంగా ఉంటే ఏం ఊపాలి?"

"కంచు గంట."

"డైమండ్‌లా ఉంటే?"

"చైమ్. ఆ అల్యూమినియం గొట్టం. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను, నాకు తెలియదా?"

"ఓహో, తెలిసే చేశావన్నమాట. అక్కడ గొట్టాలు మోగాలయ్యా, మెత్తగా. నువ్వేమో కంచు పెట్టి మా చెవులకి చిల్లులు పొడిచావు."

"అది సాఫ్ట్‌వేర్ పొరపాటు. దానికి గుండ్రటి తలలే అలవాటు. వింత ఆకారం కనిపిస్తే తికమకపడుతుంది."

"దాని మీదికి తోయకు. క్రిస్మస్‌కీ ఇదే నిర్వాకం చేశావుగా. అప్పుడు డైమండ్లలో కొన్నిటిని మింగేసింది, కొన్నిటిని రెండింతలు సాగే స్వరాలు చేసింది, రెండు చోట్లయితే ఏకంగా ఖాళీ వదిలేసింది. తిక్క యంత్రం చేసే తప్పు తిక్కగానే ఉంటుంది. ఇక్కడ అరవై నాలుగూ పొందిగ్గా గుండ్రంగా తయారయ్యాయి. ఒక్కటంటే ఒక్కటి జారిపోలేదు. ఇది మనిషి పని."

"టైమవుతోంది మార్లిస్..."

"మాట దాటేయకు. చెప్పు."

"ఈ కొత్త సాఫ్ట్‌వేర్ అడుగుతుంది. ఈ ఆకారం నాకు తెలియదు, ఏమిటిది అని. ఒక్కసారి చెబితే అలాంటివి ఎన్నున్నా అన్నిటికీ అదే పెడుతుంది."

"అడిగితే నువ్వేం చెప్పావు?"

"గుండ్రం అని నొక్కాను. కళ్ళజోడు లేదు."

"కళ్ళజోడు లేదా! నలభై ఏళ్ళు పొలాలు కొలిచిన సర్వేయరువి. అంగుళం తేడా వచ్చిందని కంచెలు పీకించిన ఘనుడివి. డైమండ్‌కీ గుండ్రానికీ తేడా తెలియలేదంటే నమ్మడానికి నేనేమన్నా ఆదివారం బడి పిల్లనా? ఎవరు నొక్కమన్నారు?"

"ఎవరూ లేరు."

"ఉన్నారు. నీ చెవులు ఎర్రబడ్డాయి."

"చలికి."

"హీటర్‌కి ఆనుకుని నిలబడి చలట! పేరు చెప్పు. చెప్పకపోతే ఇవాళే చేతి తొడుగులు ఇచ్చేసి వెళ్ళు, మీ బావకి నువ్వు వాయించనక్కర్లేదు."

"ఆ మాట అనకు. నన్ను వాయించనీ. పెన్సిల్‌తో దిద్దుదాం, పదకొండు కాపీలేగా."

"దిద్దుతాను. మీరు పాడు చేయడం, నేను బాగు చేయడం, ఈ చర్చిలో ఎప్పుడూ ఉన్నదేగా. ఇటివ్వు ఆ కాగితం. పదిహేడో బారు, పైవి నాలుగూ డైమండ్లు. పద్దెనిమిదిలోనూ అంతే. ఇరవైలో అడుగున ఉన్న ఈ ఒక్కటి గుండ్రమే, దాన్ని ముట్టుకోకూడదు, అది గంటే. ఇరవై ఒకటి..."

"ఉండు, ఉండు. అసలు కాగితాలు అక్క దగ్గరున్నాయి. తెస్తాను, చూసి దిద్దుదువుగాని."

"అక్కర్లేదు."

"అక్కర్లేదా?"

"నాకు చెవులున్నాయి ఎల్డన్. పద్నాలుగేళ్ళుగా ఈ బృందాన్ని నడుపుతున్నాను. హార్లన్ ఎక్కడ ఏం మోగించాలనుకుంటాడో ఆ మాత్రం ఊహించలేనా?"

"అరవై నాలుగని కూడా ఊహించావా?"

"ఏమిటీ?"

"ఏం లేదు. నేనే లెక్కపెట్టలేదు, అందుకని. నీకూ ఇవాళ పొద్దున ఈ ప్రింటే ఇచ్చాను. అసలువి అక్క చేతిసంచీ దాటి బయటికి రాలేదు."

"ఇప్పుడు నాకే అడ్డప్రశ్నలు వేస్తున్నావా? నువ్వు?"

"అరవై నాలుగే. నేను లెక్కపెట్టాను."

"ఆర్డిత్ గారూ! మీరా... మెట్ల మీద ఎంతసేపటి నుంచి ఉన్నారు?"

"నువ్వు ఆపమన్నప్పటి నుంచి."

"మీరు పైన కూర్చోండి. మీ తమ్ముడు చేసిన ఘనకార్యం సంగతి నేను చూసుకుంటాను."

"వాణ్ణి తిట్టకు మార్లిస్. వాడి పక్కన కూర్చుని గుండ్రం నొక్కమన్నది నేను. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నదీ నేనే. ఎందుకో వాడికీ చెప్పలేదు."

"మీరా? మీ ఆయన పాటని మీరే పాడు చేశారా? కట్టుకున్న భార్య అయి ఉండి..."

"నాకెప్పుడూ వినిపించలేదమ్మా ఆ పాట. ఆయన పోయిన మూడో రోజు గరాజులో గాలాల పెట్టె తెరిస్తే అడుగున దొరికింది. పైన పేరు లేదు. 'మంగళవారాల మనిషికి' అని రాసుంది, అంతే."

"అక్కా, వద్దు."

"మంగళవారమొస్తే చేపలకని పోయేవాడు. వేసవిలో పడవ, చలికాలంలో గడ్డకట్టిన సరస్సు మీద గాలం. పదకొండేళ్ళలో ఒక్క చేప ఇంటికి రాలేదు. నేను అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం."

"అక్కా, ఇవాళ వద్దు. పైన అందరూ ఉన్నారు."

"రేపటికి ఆయన మట్టిలో ఉంటాడురా. ఈలోపే నాకా మనిషెవరో తెలియాలి. ముందు వరసలో నా పక్కనే కూర్చుని నా చెయ్యి నిమురుతుందేమో, నాకెలా తెలుస్తుంది?"

"ఆర్డిత్ గారూ, మీకు నిద్రలేక ఏదేదో... ఈ గుర్తులకీ దానికీ ఏమిటి సంబంధం?"

"మన గంటల వాళ్ళకి పాట తెలియదు మార్లిస్. తలా రెండు గంటలే. ఎవరి రెండు స్వరాలకి వాళ్ళు రంగు పెన్సిల్‌తో సున్నా చుట్టుకుంటారు, అది వచ్చినప్పుడు ఊపుతారు. గుండ్రం కనిపిస్తే గంట, అంతే, ఇంకో ఆలోచన లేదు. కాగితం చూసినవాళ్ళెవరికీ తప్పు కనపడదు. తప్పని తెలియాలంటే ఆ పాట ముందే విని ఉండాలి."

"అందుకా అక్కా నొక్కమన్నావు?"

"అందుకేరా."

"నేను... ఆర్డిత్ గారూ, ఎవరైనా పసిగడతారు, సంగీతం తెలిసినవాళ్ళెవరైనా..."

"చెప్పక్కా. ఎవరు?"

"పదకొండు మందీ హాయిగా ఊపుతూనే ఉన్నారు ఎల్డన్. ఆపమని అరిచింది ఒక్కతే. మార్లిస్."