పని లేనోళ్ల వరసలో గురప్ప

శుక్రవారం, కువైట్‌లో ఫహాహీల్ బస్టాపు. సల్వాలో ఓ ఇంట్లో పనిచేసే రెడ్డెమ్మ, ఆమె మరిది గురప్ప. గురప్పకు డ్రైవరు పని పోయి మూడు వారాలైంది.

"ఆ ఆఫీసుకు యాల పోయినావబ్బా?"

"నువ్వే కదా వదినా చెప్పింది! పని పోయినోళ్లకు ఈడ గవర్మెంటు నెలనెలా దుడ్లిస్తాదని."

"మా మామా, అదే మా ఇంటి యజమానురాలు ఉండాది కదా, ఆయమ్మ తమ్మునికి ఇస్తాండారని చెప్పినా. నీకిస్తారన్న్యానా?"

"పని పోయినాక ఆయనేంది, నేనేంది అనుకున్న్యా."

"ఆయప్ప కువైటీ! ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ జీతంలోంచి ఆ బీమాకు కట్టినాడు. నువ్వేం కట్టినావు?"

"తొమ్మిదేండ్లు సీటుబెల్టు కట్టినా."

"నవ్వులాటగా ఉండాదా నీకు? ఈడ ఉండేదానికిచ్చిన ఇఖామా నెలాఖరుకు అయిపోతాది. పూచీ ఉండి పని ఇచ్చే కొత్త కఫీల్ దొరక్కపోతే ఖలాస్, విమానం ఎక్కాల్సిందే. నాకు అన్నం దిగడంల్యా."

"నాకు మాత్రం దిగుతాందా? అందుకే పోయినా."

"సరే, ఏమన్న్యారు?"

"ఆఫీసరు మంచోడు. కూర్చోబెట్టి హిందీలో చెప్పినాడు. ఇది మా దేశమోళ్లకే, వాళ్లకైనా ఊరికే రాదు అన్న్యాడు. పని వెతుకుతాండామని పేరు రాయించుకోవాలంట. ట్రైనింగుకు పొమ్మంటే పోవాలంట. తగిన ఉద్యోగం చూపిస్తే వద్దనగూడదంట. ఎగ్గొడితే దుడ్లు బంద్."

"అది విని తలకాయ దించుకోని వచ్చినావు."

"యాడ రానిచ్చినారు? నా ఎనక ఒక కువైటీ అబ్బాయి, కాలికి సిమెంటు కట్టు, ఒకటే నవ్వు."

"నిన్ను చూసేనా?"

"నన్ను చూసే. ఈ వరసలో నిలబడిన ఇండియా డ్రైవర్‌ని ఇప్పుడే చూస్తాండా అన్న్యాడు."

"పరువు తీసినావు కదబ్బా!"

"విను ముందు. లైసెన్సు ఉందా అన్న్యాడు. ఉందన్న్యా. తనను తిప్పే డ్రైవరు మానేసి పోయినాడంట. ఈయప్పకు కాలు మోపేదానికి కాదు. పొద్దున్నే ట్రైనింగుకు పోకపోతే దుడ్లు ఆగిపోతాయి."

"అయితే? అయితే?"

"ఆడనే వాళ్లమ్మకు ఫోన్ కొట్టినాడు. ఆయమ్మ నా ఇఖామా తన పేరు మీదికి మార్పించుకుంటాదంట. ఆదివారం కాగితాలు."

"ఓ గంగమ్మ తల్లీ! నిజంగానా? ఎంత చల్లటి మాట చెప్పినావు!"

"ఏడ్వాకు వదినా, అందరూ చూస్తాండారు."

"చూడనీలే. ఆ పిల్లోడు సల్లగుండాల. ఆయప్పకు బిరీన మంచి ఉద్యోగం దొరకాలని ఈ పొద్దే గంగమ్మకు మొక్కుకుంటా."

"అయ్యో, మొక్కాకు వదినా! ఆయప్పకు ఉద్యోగం దొరికి ట్రైనింగు ఆగేదాకానే నన్ను పెట్టుకునేది!"