తెల్ల సుక్కలు

ఏలండి సంతకం? జయంతి సేతులు కడుక్కోకుండా ప్లేట్లు ముట్టిందని నాను సూసేనా? ఎప్పుడు సూసేను? ఈ కాయితం ఎవులు రాసేరో ఆలనే ఎట్టమనండి!

కూకుంటానండి, అలగే. ఎంక్వయిరీకని కోరాపుట్ నించి వచ్చేరు, పెద్దోరు. తెలుగు అర్దమవుతాది గదా అయ్యా, ఆగ్యా? అయితే ఇనండి.

నా పేరు సింహాచలమ్మ. ఈ రాయగడ కాలేజీ లేబులో తొమ్మిదేళ్ళ నించి అటెండర్ని. గాజు ప్లేట్లు కడగడం, ఉడకబెట్టడం, ఆరబెట్టడం. అదే నా పని.

రొట్టెలు పొంగడానికి ఏస్తారే, ఈస్టు, దాని మీదే మా చంద్రశేఖరం మేస్టారి పరిశోధన. ఈయన పెంచే రకం ఎర్రగుంటాది. ప్లేటులో ఏస్తే నాలుగు రోజులకి కుంకం బొట్లలాగ సుక్కలు లేస్తాయి. ఊదారంగు దీపం కింద ఎడితే దాని పుట్టుగుణం మారిపోయి, కొన్ని తెల్లసుక్కలొస్తాయి. దీపం సూపించకపోతే ఒక్కటీ మారదు. అదీ మేస్టారి మాట. పేపరు రాసి పంపించేసేరు కూడా.

మరి జయంతి ఎవులంటే... గునుపురం అవతల గున్నయ్యని ఒక రైతు, ఆయన కూతురు. ఎమ్మెస్సీ ఆకరి ఏడు. దీపం సూపించని ప్లేట్లు నల్లకాయితంలో సుట్టమంది. నానే సుట్టేను. నాలుగోనాడు ఇప్పితే ఏటుంది? ఎర్రసుక్కల మద్దిన సిన్న సిన్న తెల్లసుక్కలు!

"మారేయి పిన్నీ! ఎవులూ ఏటీ సెయ్యకుండానే మారేయి!" అని నా సెయ్యి పట్టేసుకుంది ఆ అమ్మి.

మేస్టారొచ్చి సూసేరు. మొకం మాడిపోయింది. "మురికి పడింది. పొలం సేతుల్తో ముడితే ఇలాగే ఉంటాది" అన్నారు. నలుగురి ముందట!

ఏడుస్తాదనుకున్నాను. ఏడవనేదండి. ఆ తెల్లదాన్నే సూదిమొనంత తీసి కొత్త ప్లేటులో గీసింది. మళ్ళీ తెల్లదే వచ్చింది. మైక్రోస్కోపులో నాకూ సూపించింది. గుండ్రటి గింజలు, పక్కనే బుల్లి మొగ్గలు. ఎర్రదీ అంతే, తెల్లదీ అంతే. ఒకటే జాతి. మురికయితే అలగుంటాదేటి?

ఉన్నదున్నట్టు ప్రాజెక్టు పుస్తకంలో రాసింది. అంతే! లేబులోకి అడుగెట్టొద్దన్నారు మేస్టారు. పరీక్షలింక అయిదు వారాలే. ఇప్పుడు నా సంతకం పడితే ఆ పిల్ల రెండేళ్ళ సదువూ గంగలో కలిసినట్టే.

ఏటంటారు? అయిదో తరగతి సదివినదానికి ఇయన్నీ ఏటి తెలుస్తాయనా? కళ్ళున్నాయి కదా బాబూ! మురికి సంగతి నాకు తెలిసినట్టు మేస్టారికి తెలుసా? బూజయితే నూగులాగ పాకతాది. ఇంకో రకం మురికుంది, అది జిగురుజిగురుగా కంపు కొడతాది. తొమ్మిదేళ్ళు ఆటన్నిటినీ తోమింది ఎవులు? నాను కాదా?

ఉజ్జోగం పోతాదా? పోనీండి. భయపెట్టకండి నన్ను.

ఆ ప్లేట్లు కడిగీమన్నారు మేస్టారు, మొన్న సోమారం. కడగనేదు. ఫ్రిజ్జులో అడుగు అరలో ఉన్నాయి, తేదీలేసి మరీ ఎట్టేను. రండి, మీ కళ్ళతోనే సూద్దురు. జయంతినీ పిలిపించండి. ఆ అమ్మి సెప్పింది ఇన్నాకే ఏదన్నా రాయండి.

ఉండండి ఆగ్యా, లెగకండి. ఇంకొకటుంది. ఇది నా మీద రాసుకోండి.

జయంతి రాకముందు మూడేళ్ళ పాటు అలాటి ప్లేట్లు వచ్చేయి. దీపం సూపించనివే, తెల్లసుక్కలతోటి. మేస్టారు మూత తీసి సూసీవారు. మళ్ళీ మూత ఎట్టీసీవారు. "కడిగీ, సింహాచలమ్మా" అనీవారు.

మురికి కాదని నాకప్పుడే తెలుసు. తెలిసీ అడగనేదు. ఏణ్ణీళ్ళూ సబ్బూ ఏసి, తళతళా మెరిసీలాగ కడిగేను.