గేటు బయట రెండు నిమిషాలు

సభకు అధ్యక్షత వహిస్తున్న అడ్మిన్ పెద్దలు విశ్వేశ్వరరావు గారికి, వేదికమీద ఉన్న హెచ్‌ఆర్ స్వప్న మేడం గారికి, ముందు వరుసలోని లోహిత్ సార్‌కి, వెనక గోడకానుకుని నిలబడ్డ నా సెక్యూరిటీ, హౌస్‌కీపింగ్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఈ నర్సింహ నమస్కారాలు. ముందర నాలుగు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, వచ్చి కూర్చోండి, ఈ ఒక్కరోజుకు ఎవరూ ఏమీ అనరు. (నవ్వులు)

పందొమ్మిదేళ్లు ఈ క్యాంపస్ గేటు దగ్గర కాపలాగా నిలబడ్డాను, ఇవాళ్టితో రిటైరవుతున్నాను. విశ్వేశ్వరరావు గారు ఇందాక నన్ను క్రమశిక్షణకు మారుపేరు అన్నారు. అయ్యా, అది మీరు నేర్పింది కాదు. గేటు లోపల గోడవారగా చిన్న గుడిలో ఉన్న మైసమ్మ తల్లి నేర్పింది. ఈ అద్దాల భవనాలు లేవకముందు, ఇక్కడ మా ఊరి పొలాలున్నప్పుడు, మా అమ్మ బుచ్చమ్మ ఆమెకు పసుపు పూసి దీపం పెట్టేది. ఆ తర్వాత రోజూ పొద్దున ఆరింటికి, డ్యూటీ ఎక్కేముందు నేను పెట్టాను.

లోహిత్ సార్, మీకూ ఆ తల్లి తెలుసు. కొత్త సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉన్న రోజు మీ టీమంతా వచ్చి ల్యాప్‌టాప్‌కు బొట్టు పెట్టి, నిమ్మకాయ కోసి, సెల్ఫీ దిగి వెళ్తారు. (నవ్వులు) ఒకసారి ఆమెను మరిచిపోయి రిలీజ్ చేశారు, సర్వర్లు పడిపోయాయి, మిట్టమధ్యాహ్నం ఎండలో పరుగెత్తుకొచ్చి "నర్సింహన్నా, జర దీపం పెట్టవా?" అన్నారు. పెట్టాను. మళ్లీ మూడు నెలలదాకా అటు చూసినవాళ్లు లేరు.

"రోజూ మొక్కుతవు గదనే, నీకేమిచ్చింది ఆమె?" అని ఒకసారి నా తోటి గార్డు సాయిలు అడిగాడు. అప్పుడు మాట దాటేశాను, ఇప్పుడు చెప్తాను. నా భార్య చంద్రమ్మ దవాఖానలో ఉన్న నలభై రోజులూ మొక్కాను. ఆమె బతకలేదు. తల్లిమీద కోపం వచ్చింది, అబద్ధమెందుకు. మైలలో గుడి గడప తొక్కకూడదు, దీపం ముట్టకూడదు కదా, అందుకని ఆ పదకొండు రోజులూ పొద్దున ఆరింటికి గేటు బయట ఫుట్‌పాత్ మీద నిలబడి, తిట్టుకుంటూనే దూరంనుంచి చేతులు జోడించాను. ఆ మొక్కే లేకపోతే మంచంమీదనుంచి లేచేవాణ్ణి కాదు. అడిగింది ఆమె ఇవ్వలేదు, లేచి చొక్కా తొడుక్కుని వచ్చే శక్తి మాత్రం ఒక్కరోజు కూడా తప్పకుండా ఇచ్చింది.



ఆ పదకొండు రోజులూ ఆమె ముందు దీపం లేదు. నాలుగు వేలమంది ఆమె పక్కనుంచే లోపలికి నడిచారు, ఒక్కరికీ అగ్గిపుల్ల గీసే తీరిక దొరకలేదు. సాయిలూ, నిన్ను కూడా కలిపే అంటున్నాను.

స్వప్న మేడం, రిటైరయ్యాక రోజూ ఐదు నిమిషాలు లోపలికి రానివ్వమని నెల కిందట అర్జీ పెట్టుకున్నాను. మీరు మర్యాదగానే జవాబిచ్చారు, లోపలివాళ్లెవరైనా విజిటర్‌గా పిలవాలి, ఫారంలో కారణం చూపించాలి అని. ఆ ఫారంలో ఆరు కారణాలున్నాయి, మొక్కుకోవడం వాటిలో లేదు. పిలవమని లోహిత్ సార్‌ని అడిగితే "రోజూ అంటే కష్టం అన్నా" అన్నారు. మీరు కప్పిన శాలువా బాగుంది, వెచ్చగా ఉంది. ఇదిగో, నా ఐడీ కార్డు, తీసుకోండి.

సాయిలూ, రేపటినుంచి గేటు నీది. గేటు ముందు ఎవరినీ రెండు నిమిషాలకు మించి నిలబడనియ్యొద్దని నీకు నేర్పింది నేనే. రేపు ఆరింటికి నేనొస్తాను. నన్ను చూసి మొహమాటపడకు, టైం చూసుకో. రెండు నిమిషాలు నాకు చాలు. లోపల దీపం వెలుగుతుందో లేదో మీ ఇష్టం, దీపం లేని తల్లికి మొక్కడం నాకు కొత్తేమీ కాదు.

ఇంతసేపు ఓపికగా విన్నారు, అందరికీ దండాలు. సెలవు.