ఏ కేసు ఏ జడ్జికి

పరాగ్వేలో ఒక జిల్లా కోర్టు. ఏ కేసు ఏ న్యాయమూర్తికి వెళ్ళాలో చీటీ తీసే గది. కిటికీ అవతల, కేసులు దాఖలు చేయడానికి వచ్చినవారి వరస. గది అధికారి సతుర్నీనో ఎదుట రాజధాని నుంచి వచ్చిన ఇంజనీరు నెలీదా ఒక ఆమోదపత్రం ఉంచి కూర్చుంది.

"సంతకం పెట్టనన్నానా? చదువుతున్నానన్నాను."

"నిన్నా చదువుతూనే ఉన్నారు, సతుర్నీనో గారూ. ఉన్నదే ఒక్క పేజీ."

"పేజీ ఒక్కటే. అనుమానాలే ఎక్కువ, ఇంజనీరమ్మా. ముందు ఈ తెరెరె తాగండి. చల్లగా ఉంది, పుదీనా దంచి వేశాను."

"తాగుతాను. అనుమానం చెప్పండి."

"చీటీలు తీసే ఈ కొత్త కంప్యూటర్ ప్రోగ్రాం ఊరికే వచ్చిందంటున్నారు. ఊరికే ఎవరిచ్చారు?"

"ఒకరని కాదు. ఉరుగ్వేలో కొందరు రాశారు, మన యూనివర్సిటీ వాళ్ళు కొంత కలిపారు. ఓపెన్ సోర్స్ అంటే అదే. లోపల ఏముందో ఎవరైనా చదువుకోవచ్చు."

"ఎవరైనా అంటే, దొంగ కూడానా?"

"చదవడం వరకు దొంగ కూడా. మార్చాలంటే మాత్రం నేను ఒప్పుకోవాలి."

"మా అమ్మ తాళంచెవి ఎక్కడ పెట్టేదో వీధి వీధంతా తెలుసు. ఒకరోజు వచ్చి చూస్తే పొయ్యి మీద గిన్నె కూడా లేదు."

"మేం తాళంచెవి ఇవ్వలేదు. తాళం ఎలా పనిచేస్తుందో చెప్పాం, అంతే. పాత కంపెనీ ప్రోగ్రాంలో ఏముండేదో మీకు తెలుసా?"

"తెలీదు. అడగనిచ్చేవాళ్ళు కాదు."

"అడగనివ్వనిదాన్ని ఇన్నేళ్ళు నమ్మారు. అడగమంటున్నదాన్ని నమ్మరు."

"నమ్మాననలేదే. దానికి సంతకం పెట్టాను, అంతే. రెండూ ఒకటి కాదు."

"మరి సోయా కంపెనీ కేసులన్నీ జడ్జి కాన్యేతే దగ్గరికే ఎందుకు పోయేవి? ఎప్పుడు చూసినా రైతుల్నే భూములు ఖాళీ చేయమనే ఆయన దగ్గరికే?"

"ఏంటమ్మా, నన్నంటున్నారా?"

"ఎవర్నీ అనట్లేదు. అడుగుతున్నాను."

"అడిగే తీరు తెలుస్తూనే ఉంది. రాజధాని నుంచి వచ్చినవాళ్ళందరూ మమ్మల్ని చూడగానే జేబు తడుముకుంటారు."

"సాన్ రోకే కాలనీ మీద ఆ సోయా కంపెనీ కేసు ఇవ్వాళో రేపో పడుతుంది. నలభై కుటుంబాల ఇళ్ళు. ఆ చీటీ అయినా సరిగ్గా పడాలనే నా తొందర. పెట్టండి సంతకం."

"పెడతాను. ముందు ఒకటి చెప్పండి. నెలరోజులుగా మీ కొత్తదాన్ని ప్రయోగంగా నడుపుతున్నాం. సార్సా లాయరమ్మ మూడు కేసులు వేసింది. మూడూ కాన్యేతేకే పడ్డాయి. దీనికేమంటారు?"

"మూడేగా. నాణెం ఎగరేస్తే వరసగా మూడుసార్లు బొమ్మ పడదా?"

"పడుతుంది. కానీ నాణెం పక్కకి జరిగి ముసలమ్మలకి దారివ్వదు."

"అంటే?"

"ఆవిడ కిటికీ దాకా వస్తుంది. వచ్చి, 'మీరు వెళ్ళండమ్మా' అని వెనక్కి తగ్గుతుంది. ఒకరోజు ఒకరిని పంపింది, ఇంకోరోజు ఇద్దర్ని. నా ఉద్యోగంలో, వరసలో దారిచ్చిన లాయర్ని నేనింతవరకు చూడలేదు."

"మర్యాదస్తురాలేమో... ఆగండి."

"ఇంకొంచెం పొయ్యనా?"

"వద్దు, వద్దు. ఆగండి. చీటీ అంకె."

"ఏ అంకె?"

"చీటీ మొదలుపెట్టే అంకె. మొదటి కేసు ఎవరికి, రెండోది ఎవరికి, మూడోది ఎవరికి అన్నదంతా దాన్ని బట్టే వస్తుంది. మనం అంకె వేస్తే మోసమంటారని, లాటరీలో వచ్చిన అంకె వాడమన్నాం. రాత్రి రేడియోలో దేశమంతా వింటుంది కదా అని."

"మంచి ఆలోచనేగా."

"అంకె రాత్రే తెలిసిపోతుంది. కేసులు పొద్దున వేస్తారు."

"అయితే?"

"ప్రోగ్రాం అందరి దగ్గరా ఉంది, అంకె అందరికీ తెలుసు. ఇంట్లో కూర్చుని లెక్క కట్టుకుంటే వరసలో ఏ స్థానం ఏ జడ్జిదో తెల్లారకముందే తెలిసిపోతుంది. ఆ స్థానం వచ్చేదాకా వెనకవాళ్ళకి దారిస్తే చాలు."

"అదిగో, ఆవిడే. తలుపు దగ్గరుంది. సార్సా లాయరమ్మా, ఒకసారి లోపలికి రండి."

"నన్నేనా? రోజూ కిటికీ దగ్గర్నుంచే తరిమేస్తారు, ఇవ్వాళ కుర్చీ కూడా వేస్తున్నారే."

"ఈవిడ ఇంజనీరు నెలీదా. వరసలో మీ మర్యాద గురించే మాట్లాడుకుంటున్నాం."

"అమ్మయ్య. ఇన్నాళ్ళకి కనిపించింది."

"అంటే ఒప్పుకుంటున్నారా, లాయరమ్మా?"

"దాచిందెక్కడ, ఇంజనీరమ్మా? ఇంటర్నెట్‌లో మీ ప్రోగ్రాం పేజీలోనే రాశాను కదా. అంకె ముందే తెలిస్తే అది చీటీ కాదు, ఎవరికి కావాల్సిన జడ్జిని వాళ్ళు ఏరుకోవడమే అని. నా పేరు పెట్టి మరీ."

"అది మీరు రాశారా? పాత కంపెనీ వాళ్ళు పుల్లలు పెడుతున్నారనుకున్నాను."

"పూర్తిగా చదివారా?"

"మొదటి వాక్యం."

"తర్వాత?"

"మూసేశాను."

"అందుకే చేసి చూపించాను. మూడూ నా సొంత కేసులు. పక్కింటి కోడిపుంజు, ఎదురింటి మురుగునీళ్ళు, మా వీధి మైకు. ఓడినా ఊడేదేం లేదు. కాన్యేతే నన్ను గెలిపించిన పాపాన ఎప్పుడూ పోలేదు. లాభం కోసమైతే ఆయన్నే ఏరుకుంటానా?"

"సరే, లాయరమ్మా. నా దగ్గరికొచ్చి చెప్పొచ్చుగా?"

"వచ్చాను, సతుర్నీనో గారూ. స్టాంపు అంటించి తెమ్మన్నారు."

"నేనా?"

"మీరే. తెరెరె కూడా ఇవ్వలేదు."

"ఇంతకీ ఇవ్వాళ వరసలో మీదెన్నో స్థానం?"

"నేనివ్వాళ వరసలో లేను, ఇంజనీరమ్మా. చూడ్డానికి వచ్చాను. నేను చదవగలిగింది సోయా కంపెనీ వాళ్ళూ చదవగలరు. బయట లాయర్లు నలుగురైదుగురున్నారు. ఎవరి సంచిలో సాన్ రోకే ఉందో నాకెలా తెలుస్తుంది?"

"కిటికీ మూసేద్దామా, ఇంజనీరమ్మా?"

"మూస్తే కారణం రాయాలి కదా, సతుర్నీనో గారూ."

"రాయాలి. రాస్తే సాయంత్రానికల్లా పాత కంపెనీ వాళ్ళు నవ్వుకుంటూ దిగుతారు. ఊరికే వచ్చింది ఊరికే పోయిందంటారు. మీరిన్నాళ్ళు పడ్డ కష్టం గంగలో కలుస్తుంది."

"దిద్దడం తేలికే. రోజూ కేసులన్నీ తీసుకున్నాక, అందరి ఎదుటా అంకె తీస్తే సరి. కానీ తప్పుందని ఒప్పుకోకుండా దిద్దలేను. పోనీ, నిజంగా ఎవరైనా వాడుకుంటున్నారని తెలిస్తే..."

"పాత కంపెనీ మనిషినని నన్ను అనుమానించి ఇన్ని రోజులు పోగొట్టారు. ఇప్పుడు అనుమానం మాని, పరీక్ష పెట్టండి, ఇంజనీరమ్మా."

"ఏం పరీక్ష?"

"అది నాకు వదిలేయండి. ఈ వరసలో ముందుకు రమ్మంటే రాని లాయరు ఇంకా పుట్టలేదు. ఒక్కొక్కరినే పిలుస్తాను."

"ఒక్కరు వద్దన్నా కిటికీ మూసేయండి, సతుర్నీనో గారూ. తప్పు నాదని నా పేరుతోనే రాస్తాను. ఆ పెన్ను ఇలా ఇవ్వండి."

"బాగా ఆలోచించుకున్నారా?"

"పిలవండి."

"వినండమ్మా, వినండి. ఎండ మండిపోతోంది. లాయర్లని ముందు పంపించేస్తాను. ఎర్ర టై ఆయనా, మీరు రండి."

"వస్తున్నా, వస్తున్నా. మీ కడుపు చల్లగా ఉండాలి."

"కళ్ళజోడు లాయరమ్మా, మీరూ."

"జరగండి, జరగండి, నన్ను పిలిచారు."

"నీలం కోటు ఆయనా, మీరు కూడా రండి. ఎంతసేపని నిలబడతారు?"

"అయ్యో, పర్లేదండీ. నాకేం తొందర లేదు. పాపం, ఈ అవ్వని ముందు పంపించండి."