తలుపు మాత్రం లీలండ్‌ది

ఎవడ్రా నీతో అన్నది? ఆ టోపీ పెట్టుకుని, మెడలో టార్చిలైటు తగిలించుకుని తిరిగేవాడేనా? శనివారం కదా, సరదాగా బండ్ల ప్రదర్శన చూసి రారా అంటే, అక్కడ నించుని చచ్చిపోయినవాళ్ళ మీద చాడీలు విని వచ్చావన్నమాట. ఇలా కూర్చో. ఆ పిల్లిని దించు, ఏమనదు, దించు. వెర్లిన్ హబెల్ దొంగ బండ్లు చేసేవాడు, గుల్లలు మార్చేవాడు, అన్నాడా? ఊఁ. అంటాడు, ఎందుకనడు. మనిషి పోయి ఇరవై ఏళ్ళైంది, ఇప్పుడు లేచొచ్చి అడుగుతాడా ఏమన్నా. నేనున్నానుగా అడగడానికి. పద్నాలుగేళ్ళు చేశాన్రా అతని షెడ్డులో. అతను బండి ఒంటికి అతుకులేసేవాడు, నేను సీట్లకేసేదాన్ని. నా కుట్టుమిషను ఉన్నచోటు నుంచి చూస్తే అతని బూట్లు కనపడేవి, ఎప్పుడూ ఏదో బండి కిందే ఉండేవాడు కదా, ఆ బూట్లతోనే మాట్లాడేదాన్ని నేను. మొహం చూసింది తక్కువ.

గుల్ల మార్చడమంటే నీకు తెలుసా అసలు? తెలుసని తలూపకు, చెబుతా విను. ఇంజనూ, చక్రాలూ, సీట్లూ అన్నీ పీకేస్తే మిగిలేది గుల్ల. మన మిషిగన్ రోడ్ల మీద పోసే ఉప్పుకి ఎంత మొనగాడి బండైనా ఆరేడు చలికాలాలే, తర్వాత అట్టముక్కైపోతుంది. అప్పుడేం చేస్తారూ, అరిజోనా నుంచి తుప్పెరగని గుల్ల ఒకటి తెస్తారు. పాతదాని సామానంతా అందులోకి దించుతారు. నంబరు పలక ఉంటుంది చూడు, ముందు అద్దం మూల, స్టీరింగు వైపు, చిన్న పువ్వుల్లాంటి రెండు రివెట్ మేకులతో కొట్టుంటుంది, అదీ పీకి దీనికి కొట్టేసి, ఇదిగో ఇదే అది అని అమ్మేస్తారు. గుల్ల మార్చిందని తెలిస్తే సగం ధర కూడా రాదు, అందుకని చెప్పరు. పలక మార్చడం నేరం, దానికి జైలుంది. నన్నడిగితే ఈ అసలు నకిలీ గొడవ ఇంత అక్కర్లేదంటాను. నా మోకాళ్ళు రెండూ స్టీలువి, తుంటి ఎవడో ఫ్యాక్టరీలో చేసింది, పళ్ళు రాత్రి గ్లాసులో పడుకుంటాయి. మరి నేను ఆర్లెట్‌నేనా కాదా? మీ తాతయ్యని అడుగుదామంటే, ఆ మహానుభావుడు నా అసలు మోకాళ్ళున్నప్పుడే పారిపోయాడు.

వెర్లిన్ దగ్గర మాత్రం ఇలాంటి మాటలు చెల్లేవి కాదు. అరచేతంత పాత రేకు మిగిలితే చాలు, దానికే అతికి అతికి బండి మొత్తం లేపేవాడు. ఎక్కడెక్కడ కొత్త రేకు వేశాడో కాగితం మీద రాసి మరీ చేతికిచ్చేవాడు, అడక్కపోయినా. ఒకసారి లాన్సింగ్ నుంచి ఒక వ్యాపారి వచ్చాడు, బూట్లు తళతళా. బండి తెచ్చానన్నాడు. బయటికి చూస్తే బండేదీ లేదు. చొక్కా జేబులోంచి నంబరు పలక తీసి బల్ల మీద పెట్టి, దీనికో ఒళ్ళు చూసిపెట్టవయ్యా అన్నాడు. మన వెర్లిన్ ఆ పలక చుట్టూ ఓసారి తిరిగాడు, బండి చుట్టూ తిరిగినట్టే. వంగి ఆ పక్కా ఈ పక్కా చూశాడు. “టైర్లలో గాలి తగ్గింది” అన్నాడు. అంతే, మళ్ళీ వెళ్ళి బండి కింద దూరాడు. వాడు బండి జేబులో వేసుకుని పోయాడు. అలాంటి మనిషి. అందుకే ఎక్కడ ప్రదర్శన జరిగినా, ఫలానాది అసలుదా కాదా తేల్చడానికి ఇతన్నే పిలిచేవాళ్ళు. వెర్లిన్ తలూపాడంటే ఇక ఇండియానాలో అడగరు, ఒహాయోలో అడగరు. ఆ పేరొక్కటే అతని ఆస్తి. ఉన్న ఇల్లు అద్దెది, షెడ్డు అద్దెది, పెళ్ళీ లేదు పెటాకులూ లేవు, ఒక కుంటి కుక్క.

ఎనభై తొమ్మిదిలో లీలండ్ కుబిక్ వచ్చాడు. కుబిక్ అంటే, ఆ... పాల డిపో దగ్గర ఉండేవాళ్ళు, నువ్వెరగవులే. ఫ్లింట్‌లో బండ్ల ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు ఎడమ తలుపులు బిగించాడు. కుడివి కాదు, ఎడమవే. అరవై తొమ్మిదిలో ఒకరోజు నారింజ రంగు బండొకటి వరసలో వచ్చింది, పెద్ద ఇంజనుది. కండల బండ్లు అనేవాళ్ళంలే వాటిని. దాని తలుపు బిగిస్తూ ఇది నాదే అనుకున్నాట్ట. కీలు మీద ఉలితో మూడు గాట్లు పెట్టి, నంబరు చేతి మీద రాసుకుని, అది ఏ ఊరి దుకాణానికి వెళ్ళిందో కనుక్కుని మరీ వెళ్ళి కొన్నాడు. ఆ నంబరు పదమూడు అంకెలూ అక్షరాలూ గుక్క తిప్పుకోకుండా చెప్పేవాడు. కూతురు నోరీన్ పుట్టినరోజు మాత్రం మర్చిపోయేవాడట, ఆ పిల్లే చెప్పింది. తర్వాత షుగరొచ్చి కళ్ళు పోయాయి, ఆ వెనకే కిడ్నీలు. వారానికి మూడుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్ళి రక్తం కడిగించేది నోరీన్. ఆగస్టు దాటితే గొప్ప అన్నారు డాక్టర్లు. ఆయన అడిగింది ఒకటే, ఆ బండిలో స్టీరింగు ముందు కూర్చుని, ఎడమ తలుపు తన చేత్తో ఒక్కసారి వేసుకోవాలని.

బండి వచ్చింది. వచ్చీ రాగానే లీలండ్ అద్దం మూల తడిమి పలక మీద వేలు పెట్టి చదువుకున్నాడు, గుడ్డివాళ్ళు చదువుకుంటారే అలా. నాకు అది పట్టుకుంది మనసులో. వాళ్ళు వెళ్ళాక వెర్లిన్ కింద దూరి వేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది. అడుగు లేదు, తలుపులు వేలాడే స్తంభాలు లేవు. ఎడమ తలుపు ఒక్కటే బాగుంది, ఆ తలుపుని ఆయన అంత ముద్దుగా చూసుకున్నాడు. అతుకులేసి లేపాలంటే ఏడాదిన్నర. ఉన్నది తొమ్మిది వారాలు. వెర్లిన్ రెండ్రోజులు ఆ బండి చుట్టూ తిరిగాడు, మూడోనాడు అరిజోనాకి ఫోను చేశాడు. అదే ఏడు, అదే రకం గుల్ల. సామానంతా అందులోకి మార్చాడు, తలుపు కీళ్ళతో సహా. కానీ నంబరు దగ్గర భీష్మించుకు కూర్చున్నాడు. అరిజోనా బండికి అరిజోనా నంబరే ఉంటుంది, లీలండ్ పలక లీలండ్ చేతిలో పెడతాను, సంగతంతా చెప్పేస్తాను అని. ఆయన వేలు పలక మీదికి వెళ్తుంది, నా మాట విను, చావబోయే మనిషి అన్నాను. ఎంత పోట్లాడానో. “దానిది కాని నంబరు దాని మీద నా చేత్తో కొట్టను ఆర్లెట్” అన్నాడు. నా చేత్తో అన్నాడు, విన్నావా.

మర్నాడు టైర్ల కోసం ఫ్లింట్ వెళ్ళాడు. మధ్యాహ్నం అద్దం బిగించేవాడు రావాలి, అది బిగిస్తే ఇక పలక దగ్గరికి రివెట్లు కొట్టే మర చేరదు. సొరుగులో ఓ కవరులో లీలండ్ పలకుంది, పక్కన డబ్బాలో పువ్వు రివెట్లున్నాయి, ఎవరో ముసలాయన ఇచ్చినవి, వెర్లిన్ ఎవరికీ ఇచ్చేవాడు కాదు. సీటు చట్రాలకి రివెట్లు కొట్టి కొట్టి ఉన్నదాన్ని, నాకెంత పనిరా. అయిదు నిమిషాల్లో అరిజోనాది పీకి లీలండ్‌ది కొట్టి, ఖాళీ కవరు సొరుగులోనే పెట్టేశాను. అరిజోనా పలక ఇంటికెళ్తూ వంతెన మీంచి నదిలో పారేశాను. అద్దంవాడు వచ్చి బిగించి పోయాడు, వాడికేం తెలుసు. ఎండకి డ్యాష్‌బోర్డు పాడవుతుందని చెప్పి పైన దుప్పటి కప్పాను. వెర్లిన్ ఎత్తి చూడలేదు. నన్ను నమ్మాడు మరి.

ఆ శుక్రవారం లీలండ్ వచ్చాడు, నీలం కోటేసుకుని, జూలై ఎండలో. నోరీన్ దుప్పటి తీసేసి చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కీలు మీద మూడు గాట్లూ తడుముకున్నాడు. తలుపు వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు. స్తంభం మీద చెయ్యి పెట్టి పైకీ కిందకీ రాశాడు, అతుకు ఒక్కటీ తగల్లేదు. అప్పుడన్నాడు, “తలుపు నాదే. మిగతాది ఎవరిది వెర్లిన్?” వెర్లిన్ దాచలేదు, పక్కన గొంతుక్కూర్చుని అంతా చెప్పాడు, ఎవరి గుల్లో, ఎందుకో, ఎంత తుప్పో. లీలండ్ మూడు గాట్లూ మళ్ళీ తడుముకున్నాడు. తర్వాత నవ్వాడు. “ఇరవై ఏడేళ్ళు నా తలుపులన్నీ ఎవరెవరి గుల్లలకో బిగించాను, ఇదీ ఇంకోటి” అన్నాడు. అని, స్టీరింగు మీంచి చెయ్యి చాపి అద్దం మూల వేలు దూర్చాడు. వెర్లిన్ తన చొక్కా జేబులోంచి కవరు తీశాడు, పలక అందులోనే ఉందనుకుని. లీలండ్ పైకి చదువుతున్నాడు, ఒక్కొక్క అంకే. పదమూడూ. చివరిది చదివి, “అయితే నాదే” అన్నాడు. ఏడ్చాడ్రా. వెర్లిన్ ఖాళీ కవరు పట్టుకుని నా వైపు చూశాడు. ఆ చూపు చాలు నాకు.

బండి వాళ్ళు ఇంటికి తీసుకెళ్ళారు, తిరిగి తెచ్చాక ఆ పలక పీకేద్దాం అన్నాడు వెర్లిన్ సాయంత్రం, తిట్టకుండా. తేలేదు. మూడు వారాలకి లీలండ్ పోయాడు. నోరీన్‌కి ఆస్పత్రి బాకీలు, పెరట్లోంచే ఎవడికో అమ్మేసింది, ఆ పిల్ల తప్పేం లేదు. వాడు ఇంకొకడికి, ఆ ఇంకొకడు ఇండియానాలో ఇంకొకడికి. మూడేళ్ళు తిరిగేసరికి అది పెద్ద ప్రదర్శనలో నించుంది, ముట్టుకోని అసలు బండి అని, పదింతల ధర. ఎవడో అద్దం కింద రేకు మడతలో టార్చి వేసి చూశాడు. అక్కడ గుల్ల మీద కూడా దాని నంబరు కొట్టుంటుంది, పలకతో కలవలేదు, కొట్టినప్పుడు నాకు ఆ సంగతే తెలీదు. వెతుక్కుంటూ పోలీసులు షెడ్డుకొచ్చారు. నేను మిషను దగ్గర్నుంచి లేచాను. లేచాను, ఒట్టు. వెర్లిన్ బండి కింద నుంచి వచ్చి, మొహం తుడుచుకుంటూ నా పక్కన ఆగి, “నీకు పిల్లలున్నారు, నాకు కుక్కుంది” అన్నాడు చిన్నగా. వాళ్ళ దగ్గరికి వెళ్ళి నేనే చేశానన్నాడు. మీ అమ్మకి అప్పుడు పదకొండేళ్ళు, మీ మావయ్యకి ఎనిమిది. నేను మళ్ళీ కూర్చున్నాను.

జైలు తప్పింది, జరిమానా వేశారు. లైసెన్సు పోయింది, షెడ్డు పోయింది. ఇంకెవరూ ప్రదర్శనకి పిలవలేదు. పోయేదాకా మున్సిపాలిటీ వాళ్ళ మంచు తోసే బండ్లు బాగుచేసుకుంటూ బతికాడు. నేను ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు, మీ అమ్మక్కూడా. కోర్టులో జడ్జి అడిగాడు, ఈ పనిలో నీకెవరైనా సాయం చేశారా అని. వెర్లిన్, “రెండు రివెట్లకి సాయమెందుకండీ” అన్నాడు. అందరూ నవ్వారు. నేను రెండో వరసలో కూర్చున్నాను. నేనూ నవ్వాన్రా.

ఆ కిటికీ వేసెయ్యి, చలేస్తోంది.